వరద సినిమాలూ మా బావ కాలూ

నాకు వరద సినిమాలంటే అసహ్యం. ఇష్టం లేకపోవడం వేరు, అసహ్యం వేరు. కాకరకాయ నాకు ఇష్టం లేదు, పెడితే తింటాను. ఈ సినిమాలు అట్లా కాదు. తెర మీద మొదటి అల లేవగానే లేచి పోవాలనిపిస్తుంది. తుఫాను, సునామీ, ఆనకట్ట తెగడం, నగరం మునగడం, ఏదైనా సరే. తెలుగులోకి దించిన ఇంగ్లీషువైనా, మనవాళ్లు తీసినవైనా అన్నిటిదీ ఒకటే కంపు. అయినా గోదావరిఖనిలో ఈ సినిమాలు నా అంత ఎక్కువగా చూసినవాడు ఇంకొక్కడే ఉన్నాడు. అతను మా అక్క భర్త, మా బావ.

ప్రతి ఆదివారం పగటి అన్నం తిన్నాక నేను అక్క వాళ్లింటికి వెళ్తాను. బావ రిటైరై కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక ఊరి చివర కట్టుకున్న ఇల్లు అది. ముందు గది చిన్నది, టీవీ మాత్రం గోడంత. బావ కుర్చీలో కూర్చుని ఎడమ కాలు స్టూలు మీదికి చాపుకుంటాడు. ఆ కాలు మోకాలి దగ్గర వంగదు. ఇరవై ఏడేళ్లుగా వంగలేదు. అక్క సర్వపిండి కాల్చి ముక్కలు చేసి ప్లేటులో పెడుతుంది. వారమంతా వెతికి గుర్తు పెట్టుకున్న సినిమాను బావ రిమోటుతో మొదలుపెడతాడు. ఇక రెండున్నర గంటలు నేను సర్వపిండి నములుతూ జనం కొట్టుకుపోవడం చూస్తూ కూర్చోవాలి.

నీళ్ల సంగతి నాకు కొంచెం తెలుసు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. నేను బాయిలో పంపు ఖలాసీని. భూమి లోపల ఊరే నీటిని ఒకచోట చేర్చి, పంపుతో తోడి పైకి పంపడమే నా నౌకరీ. ఈ సినిమాల్లో నీళ్లు నీలంగా, గాజు గ్లాసులో పోసి తాగేటట్టు ఉంటాయి. హీరో అందులో మునిగి లేస్తే స్నానం చేసినట్టు మెరిసిపోతాడు. బాయిలో పాత పని జరిగిన చోట ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు ఎట్లా ఉంటాయో తీసేవాడికి తెలుసా? మురిగిన గుడ్ల వాసన. కుళ్లిన కట్టె జిగురు. అది ఒంటికి అంటితే మూడు సబ్బులు అరగదీసినా పోదు. భోజనానికి కూర్చుంటే ముద్దలో కూడా అదే వాసన వస్తుంది.

పైన గోదావరి నీళ్లైనా అంతే. మధ్య ఒకసారి వానాకాలం గోదావరి పోటెత్తి పల్లపు కాలనీల్లోకి వెనక్కి తన్నినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు వచ్చాయి. నది వచ్చిందని అనుకునేరు, వచ్చింది నది కాదు, ఊళ్లోని మరుగుదొడ్లన్నీ. నీళ్లు పోయాక బెత్తెడు బురద. నా భార్యా నేనూ మూడు రోజులు పారతో ఎత్తాం. బియ్యం డబ్బాలో ఎలుక చచ్చి ఉబ్బి ఉంది. ఏ సినిమాలోనైనా వరద తర్వాత ఒక్క మనిషి ఇల్లు కడగడం చూశారా? చూపించరు. నీళ్లు తగ్గగానే ఎండ వస్తుంది, హీరో హీరోయిన్ కావలించుకుంటారు, కుక్క తోక ఊపుతుంది, పేర్లు పడతాయి.

ఆ కుక్క అంటే నాకు మరీ ఒళ్లు మంట. నగరానికి నగరం మునిగిపోయినా కుక్క చావదు. లక్ష మంది ఒక్క అలలో పోతారు, చీమలు పోయినట్టు, దూరం నుంచి చూపిస్తారు. ఎవరు పోయారో, ఎంతమంది పోయారో ఒక్కడూ లెక్క పెట్టడు. కుక్క మాత్రం ఈదుకుంటూ వస్తుంది, హాలంతా చప్పట్లు. మెడ దాకా నీళ్లు వచ్చినా తండ్రీ కొడుకులు పాత గొడవలు మాట్లాడుకుంటారు, వాళ్లు క్షమించుకునేదాకా నీళ్లు మర్యాదగా ఆగి ఉంటాయి. ఇదంతా చూసి మా అక్క కూడా కళ్లు తుడుచుకుంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

బావ దృష్టి వీటి మీద ఉండదు. అతను ఒక్క సీను కోసమే సినిమా చూస్తాడు. ప్రతి వరద సినిమాలోనూ అది ఉంటుంది. అందరూ ఒడ్డున పడ్డాక ఒకడు తక్కువవుతాడు. వద్దు వద్దని అందరూ అంటున్నా హీరో వాడి కోసం మళ్లీ నీళ్లలోకి దిగుతాడు. ఆ సీను రాగానే బావ నమలడం ఆపేస్తాడు, అరచేత్తో ఆ వంగని కాలును తట్టుకుంటాడు. తాడు కట్టుకోకుండా దిగాడని తిడతాడు, దీపం ఏ చేతిలో పట్టుకోవాలో తెరకు చెబుతాడు. సీను అయిపోయాక వెనక్కి తిప్పి మళ్లీ చూస్తాడు. రెండోసారి అయ్యాక నా వైపు తిరిగి నవ్వుతాడు. నా కోసం దిగినవాడు కదా, నవ్వుతాడు మరి.

అవును, ఆ కాలు నా కోసం పోయిందే. ఇరవై ఏడేళ్ల కింద బాయిలోకి నీళ్లు వచ్చిన రోజు నేను లోపల చిక్కుకుపోయానని తలచి బావ నన్ను వెతకడానికి వెనక్కి దిగాడు. కాలనీ అంతటికీ తెలిసిన కథ ఇది. కాలనీకి తెలియనిది ఏమిటంటే, ఆ సమయానికి నేను బాయిలో లేను. ఊళ్లో టాకీసులో వరద సినిమా చూస్తున్నాను.

ఎట్లా జరిగిందో చెప్పాలంటే దీపాల సంగతి చెప్పాలి. బాయి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే ఒక దీపం ఉంటుంది, దానికి ఒక నంబరు. దిగే ముందు దీపాల గదిలో తీసుకుంటాం, ఎక్కాక అక్కడే అప్పజెబుతాం. ఎవరి దీపం తిరిగి రాలేదో వాడు ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. లోపల ఏదైనా జరిగితే ఎవరూ పేర్లు పిలుస్తూ నిలబడరు, తిన్నగా దీపాల గదికి పోయి ఖాళీ గూళ్లు చూస్తారు. మాకు మనిషి లెక్కంటే దీపం లెక్కే. అంత నమ్మకమైన లెక్క కాబట్టే దాన్ని మోసం చేసే దారి కూడా మేమే కనిపెట్టుకున్నాం. పని ముందే అయిపోతే కొందరం చడీ చప్పుడు లేకుండా ఎక్కేసేవాళ్లం. దీపం అప్పుడే ఇస్తే ముందు ఎక్కినట్టు దొరికిపోతాం కాబట్టి, దాన్ని పైన ఎక్కడో దాచి ఊళ్లోకి పోయి, షిఫ్టు అయిపోయే వేళకు వచ్చి అందరితో కలిసి అప్పజెప్పేవాళ్లం. హాజరు నిండుగా పడేది. ఇది తప్పని మాలో ఎవరికీ అనిపించలేదు. తెలివి అనుకునేవాళ్లం.

ఆ రోజు నాది మొదటి షిఫ్టు. పొద్దున ఏడింటికి దిగాను. పంపు ఉండేది బాయి అడుగున, అన్నిటికన్నా పల్లంలో. అక్కడ ఒక్కణ్ణే ఉంటాను, పంపు బాగా నడుస్తుంటే అటు ఎవరూ రారు. టాకీసులో ఆ ఇంగ్లీషు సినిమాకు అదే ఆఖరి రోజు. తెలుగులో మాట్లాడతారు, తెర నిండా నీళ్లే అని అందరూ ఒకటే చెప్పుకోవడం. పది దాటగానే పంపును దాని మానాన వదిలేసి, మనుషులు నడిచే దారిన పైకి ఎక్కాను. బాయి నోటి పక్కనే లోపలి కప్పుకు ఆనించే చెక్కల కుప్ప ఉంటుంది. దాని వెనక దీపం పెట్టి, పైన గోనెపట్టా కప్పి, పదకొండున్నర ఆటకు పోయాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను, సినిమా నాకు బ్రహ్మాండంగా నచ్చింది. ఈలలు వేశాను. హీరో స్నేహితుడి కోసం మళ్లీ నీళ్లలోకి దూకినప్పుడు బెంచీ ఎక్కి నిలబడి ఈల వేశాను, వెనకవాళ్లు తిట్టారు. తర్వాత ఎన్నో రాత్రులు గంటలు లెక్క వేసుకున్నాను. ఒంటిగంట దాటాక బాయిలో పాత పని గోడ వైపు నుంచి నీళ్లు పొడుచుకు వచ్చాయట. అందరూ ఎక్కి వచ్చి, దీపాలు చూసి, నాది ఒక్కటే రాలేదని తేల్చేసరికి ఎంత లేదన్నా ఒకటిన్నర. నేను బెంచీ మీద నిలబడింది కూడా దాదాపు అప్పుడే.

రెండున్నరకు బాయి దగ్గరికి వచ్చేసరికి సైరను మోగుతోంది. జనం, జీపులు, అంబులెన్సు. గుంపు అంచున నిలబడి విన్నాను. పంపు ఖలాసీ దీపం రాలేదు, వాడు అడుగున చిక్కుకున్నాడు. కాపాడే దళం ఇంకా దారిలో ఉందట. వాళ్లు వచ్చేదాకా ఆగమన్నా ఆగకుండా వాడి బావ దిగిపోయాడు, అతని వెనక ఇంకో ఇద్దరు. మా బావ లోపల కప్పుకు చెక్కలు నిలబెట్టే పని చేసేవాడు. బాయిలో ఏ మలుపు ఎక్కడుందో అతనికి అరచేతిలో గీతలా తెలుసు.

అప్పుడు నేను చేయాల్సింది ఒక్కటే. నేనిక్కడే ఉన్నాను, ఎవరూ పోవద్దు అని ఒక్క కేక వేయాలి. నోరు తెరిచాను కూడా. ఎదురుగా పెద్ద సారు జీపు కనపడింది. పంపు వదిలి సినిమాకు పోయినవాడికి ఆ నౌకరీ మళ్లీ ఉండదు. నోరు మూసుకున్నాను. చెక్కల కుప్ప వెనక్కి పోయి దీపం తీసుకున్నాను. అక్కడి నుంచి గాలి ఫ్యాను ఉండే షెడ్డు వెనక్కి పోయాను, అక్కడ నీళ్ల డ్రమ్ము ఉంటుంది. బకెట్టు ముంచి తల మీద పోసుకున్నాను. చాలలేదనిపించి ఇంకోటి పోసుకున్నాను. బొగ్గుపొడి తీసి ముఖానికీ మెడకూ పులుముకున్నాను, చెప్పు ఒకటి తెంపేసుకున్నాను. తర్వాత బాయికి ఉన్న రెండో దారి నోటి వైపు నుంచి, కుంటుకుంటూ, గోడ పట్టుకుంటూ వచ్చాను.

గంట కింద తెర మీద ఆ హీరో ఎట్లా నడిచాడో అట్లాగే నడిచాను. జనం పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నారు. నాకు పని నేర్పిన ముసలాయన ఒకాయన నా తల నిమురుతూ వలవలా ఏడ్చాడు. ఎవరో చాయ్ తెచ్చి ఇచ్చారు, తాగాను. చాయ్ తాగాను! అది తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నాకే రోతగా ఉంటుంది. అందుకే ఈ సినిమాల్లో హీరో నీళ్లోడుతూ రాగానే ఎవరో పక్కన నిలబడి బకెట్టుతో తడిపారని నా కంటికి ఇట్టే తెలిసిపోతుంది. నిజంగా నీళ్లలో పడ్డవాడి జుట్టు అట్లా ఉండదు.

బావను పైకి తెచ్చేసరికి మూడు దాటింది. నీళ్ల ఊపుకు ఒక టబ్బు, అంటే బొగ్గు మోసే ఇనుప బండి, పక్కకు ఒరిగి అతని మోకాలిని గోడకు అదిమేసిందట. వెనక పోయిన ఇద్దరూ లాగి తెచ్చారు. స్ట్రెచరు మీద ఒళ్లంతా నల్లటి జిగురు, ఆ మురిగిన వాసన, కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. కళ్లు తెరిచి గుంపులో నన్ను చూశాడు.

"అచ్చినవా బామ్మర్దీ," అన్నాడు. అని నవ్వి కళ్లు మూసుకున్నాడు.

టబ్బు ఎన్ని గంటలకు ఒరిగిందో నేను ఇన్నేళ్లలో ఎవరినీ అడగలేదు. నేను డ్రమ్ము దగ్గర ఉన్నప్పుడా, అంతకు ముందా? అడిగితే తెలిసేది. అందుకే అడగలేదు.

ఆ తర్వాత బావకు పైన కూర్చునే పని ఇచ్చారు, రిటైరయ్యేదాకా టైమాఫీసు దగ్గర చీటీలు మోశాడు. కాలు పోయింది గానీ కథ మిగిలింది. పెళ్లిళ్లలో, చావుల్లో, కటింగు షాపులో, యూనియన్ ఆఫీసు అరుగు మీద, ఎవరు కాలుకేమైందని అడిగినా మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టేవాడు. విన్నవాళ్లు నా వైపు చూసేవాళ్లు, నీ బావ దేవుడయ్యా అనేవాళ్లు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడేవాణ్ణి. టీవీలో డబ్బింగు సినిమాలు రావడం మొదలయ్యాక బావకు తన కథను తెర మీద చూసుకునే అలవాటు పట్టింది. నన్ను పిలవకుండా ఒక్కటీ చూసేవాడు కాదు. నేను రాకపోతే, నువ్వు లేకుండా ఆ సీను ఏం బాగుంటుంది అని అక్కతో అనేవాడట.

ఇట్లాగే మా ఇద్దరి బతుకులూ అయిపోయేవేమో. పోయిన చలికాలం ముగ్గురు పడుచువాళ్లు అక్క వాళ్లింటికి వచ్చారు. ఇప్పటికీ నడుస్తున్న ఒక బాయిలో పనిచేసే పిల్లలు. అప్పట్లో మేం చేసిన బాయి పేరు చెప్పను, దాన్ని మూసి చాలా ఏండ్లయింది. వాళ్ల దగ్గర రక్షణ వారోత్సవాలు జరుగుతున్నాయి, ఆఖరి రోజు సభలో నాటిక వేస్తారు. ఈసారి బావ కథే వేయాలని అనుకున్నారు. వేషాలు వాళ్లు వేస్తారు గానీ, చివరి సీనులో మాత్రం నిజమైన బావే, నిజమైన నేనే స్టేజి మీదికి రావాలి. బావ ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయింది. కాలి మీద చెయ్యి పెట్టుకుని, నడవగలనులే అని రెండుసార్లు చెప్పాడు.

వాళ్లలో ఒకడు ఫోను తీసి చూపించాడు. వెనక పెద్ద తెర కట్టి, ఒక సినిమాలోని అలను వేస్తారట. చూశాను. ఏదో దేశంలో నూరంతస్తుల మేడల మీద నుంచి వచ్చే అల. బొగ్గు బాయి కథకు సముద్రం అల! మేడలు కూలుతుంటే కింద కార్లు అగ్గిపెట్టెల్లా ఎగురుతున్నాయి. దానికి తోడు గుండె అదిరే డప్పుల మోత. అయినా పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

అప్పుడు ఆ పిల్లవాడు నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా చెప్పాడు.

"కాకా, నువ్వు బల్ల కింద పండుకోవాలె. రెండు బకెట్ల నీళ్లు పోసి తడుపుతం, కొంచెం బొగ్గు రాస్తం. పెద్దనాయిన అచ్చి నిన్ను లేపుతడు, నాటికల అట్ల వెట్టినం."

ఏమీ తెలియని పిల్లవాడు, నా వేషం నాకే పూసగుచ్చినట్టు చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల తడుముకున్నాను. వాళ్లు చాయ్ తాగి పోయారు. బావ ఆ వారమంతా గదిలో నడక సాధన చేశాడట. అక్క ఫోనులో నవ్వుతూ చెప్పింది. కొత్త తెల్లచొక్కా కుట్టించుకున్నాడట.

నావల్ల కాలేదు. ఇన్నేళ్లు చేశాను కదా, ఇంకోసారి తడిస్తే పోయేదేముంది అని ఒక మనసు చెప్పింది. వందల మంది ముందు ఆ మనిషి చేత నన్ను ఎత్తించుకోవడమా, అని ఇంకో మనసు ఉమ్మేసింది. సభకు ముందు ఆదివారం ఎప్పటిలాగే వెళ్లాను. బావ సినిమా పెట్టాడు. అక్క వంటింట్లో ఉంది. తెర మీద ఆకాశం నల్లబడుతోంది, ఎవడో శాస్త్రవేత్త చెబితే ఎవడూ వినడం లేదు. నేను రిమోటు తీసుకుని ఆపాను.

"బావా, ఆ దినం నేను బాయిల లేను."

బావ నా వైపు చూశాడు. అర్థం కాలేదు.

"పది గంటలకే ఎక్కిన. సినిమాకు వోయిన. తిరిగచ్చి ఒంటి మీద నీళ్లు వోసుకున్న."

తిడతాడని కాచుకున్నాను. కొడతాడేమోనని కూడా అనిపించింది, కొడితే బాగుండు అనిపించింది. అతను మాత్రం ఒక్కటే అడిగాడు, నీళ్ల బాటిలు ఎక్కడ పెట్టావని అడిగినంత మెల్లగా.

"దీపం ఏడ వెట్టినవ్?"

"చెక్కల కుప్ప ఎనుక."

బావ తల ఊపాడు. కళ్లు టీవీ మీద ఉన్నాయి, అక్కడ బొమ్మ కదలడం లేదు.

"దాని పక్కపొంటనే దిగిన," అన్నాడు.

తర్వాత నా చేతిలోంచి రిమోటు తీసుకుని సినిమా నడిపించాడు. ఇద్దరం చూశాం. అలలు వచ్చాయి, జనం పోయారు, కుక్క బతికింది. హీరో వెనక్కి దిగే సీను వచ్చేసరికి బావ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ పెరట్లోకి పోయాడు. సీను అయిపోయింది. వెనక్కి తిప్పి చూసేవాళ్లు లేరు. అక్క వేడి సర్వపిండి తెచ్చి, ఆయనేడని అడిగింది. తెలియదన్నాను. అట్లాగే లేచి ఇంటికి వచ్చేశాను.

దారిలో నాకు తేలిగ్గా ఉంది. ఇది కూడా దాచను. ఇరవై ఏడేళ్ల మురికి కడుక్కున్నట్టు హాయిగా ఉంది. నిజం చెప్పినవాణ్ణి కదా అని నన్ను నేను కొంచెం మెచ్చుకున్నాను. ఆ రాత్రి మంచి నిద్ర పట్టింది.

మంగళవారం అక్క మా ఇంటికి వచ్చింది. గడప లోపలికి రాలేదు. బావ సభకు రానని ఆ పిల్లలకు ఫోను చేసి చెప్పాడట, ఒంట్లో బాగాలేదని. తెల్లచొక్కా మడత విప్పకుండా అటక మీద పెట్టమన్నాడట. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదట. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నన్ను చూసిన చూపు, బియ్యం డబ్బాలో ఆ ఉబ్బిన ఎలుకను నేను చూసిన చూపులాంటిది.

"ఇన్నేండ్లు మోసినవ్ గద తమ్మీ," అంది. "సచ్చేదాక మోస్తె ఏం వోయేది? నీ బరువు దించుకున్నవ్. ఆయినెకు కాలు వోయినా ఫికర్ లేకుండె, నీ కోసం వోయింది అనుకున్నడు. ఇప్పుడు ఉత్తగ వోయింది."

అప్పటిదాకా నా అసహ్యమంతా ఆ అబద్ధం మీద అనుకున్నాను. నిజం కూడా అంత రోతగా ఉండగలదని తెలియదు. డ్రమ్ము దగ్గర నా నౌకరీ కోసం నీళ్లు పోసుకున్నాను, ఇప్పుడు నా మనశ్శాంతి కోసం ఇంకో రెండు బకెట్లు పోసుకున్నాను. రెండుసార్లూ నేను శుభ్రంగానే వచ్చాను, రెండుసార్లూ నలిగింది ఆ మనిషే. ఈ సంగతి అక్కకు చెప్పబోయాను. ఆమె అప్పటికే వీధి మలుపు దాటిపోయింది.

నాటిక జరిగిందట. బావ బదులు వేషం వేసిన పిల్లవాడే, నా బదులు పడుకున్న ఇంకొకణ్ణి పైకి లేపాడట. వెనక తెర మీద అల బాగా వచ్చిందని, జనం ఈలలు వేశారని ఎవరో చెప్పారు.

ఆదివారాలు బావ పిలవడం లేదు, నేను పోవడం లేదు. కోరుకున్నట్టే వరద సినిమాల పీడ వదిలింది. నా భార్య ఆ వేళకు సీరియల్ పెడుతుంది, అందులో నీళ్లు ఉండవు, చూస్తూ కూర్చుంటాను.

నెలకోసారి బావను దవాఖానకు తీసుకుపోయే పని మాత్రం నాదే. కాలుకు మందులూ నొప్పుల ఇంజక్షనూ అక్కడే. నా బండి వెనక, కాలు పక్కకు చాపుకుని కూర్చోవడం అతనికి అలవాటు. ఈ పని ఇంకెవరికైనా అప్పగిస్తారేమో అనుకున్నాను గానీ, తారీఖు రాగానే అక్క ఫోను చేసి టైము చెప్పి పెట్టేసింది. చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాం. బావకు అవతలి పక్కన, బెల్లంపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, అతనూ బాయిలో చేసి రిటైరైనవాడే. మాట కలిపాడు. ఏ బాయి, ఏ పని, ఎన్నేండ్లయింది అని అడిగాడు. తర్వాత చాపిన కాలు వైపు చూసి, ఎట్లయింది అన్నా అని అడిగాడు.

ఇట్లాంటి ప్రశ్న వస్తే బావ గొంతు సవరించుకోవడం, చేతులతో బాయి లోపలి దారి గాలిలో గీయడం నేను ముప్పై నలభై సార్లు చూశాను. విని విని ఎంత విసుగు వచ్చేదో చెప్పలేను. ఆ ఒక్కసారి మాత్రం చెబితే బాగుండునని, అంతా అబద్ధమైనా సరే మొదటి మెట్టు నుంచి చెబితే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది.

"బాత్రూంల జారివడ్డ," అన్నాడు బావ.

పెద్దమనిషి అయ్యో అని, వయసులో జాగ్రత్తగా ఉండాలని చెప్పి, తన నడుం నొప్పి సంగతి ఎత్తుకున్నాడు. లోపలి నుంచి మా నంబరు పిలిచారు. నేను లేచి చెయ్యి అందించాను. బావ ఒక్క క్షణం ఆ చేతిని చూశాడు. పట్టుకోకుండా లేవలేడు కాబట్టి పట్టుకున్నాడు.